ద్రవసేతువుల ద్రష్ట జోసెఫ్ ప్లాటో

బాల్యంలో పిచ్చుక గూళ్ళు కట్టని వారు మనలో ఉండరు. పాదం మీద తడి ఇసుక కప్పి, అరచేతితో మెల్లగా తట్టి, పాదాన్ని నెమ్మదిగా వెనుకకు తీసుకుంటే గూడు నిలుస్తుంది. పొడి ఇసుకతో ఎంత ప్రయాసపడినా అది నిలువదు. తడి ఇసుకలో రేణువుకూ రేణువుకూ నడుమ అతిసూక్ష్మమైన నీటి బిందువులు చేరి, రెండు వైపులా అంటుకొని, ఆ రేణువులను దగ్గరకు లాగి పట్టుకొనడమే ఇందుకు కారణం. రెండు ఘనపదార్థాల నడుమ ఈ విధంగా నిలిచే ద్రవాన్ని శాస్త్రజ్ఞులు ద్రవసేతువు అంటారు. బొటనవ్రేలికీ చూపుడు వ్రేలికీ నడుమ ఒక నీటిబొట్టును ఉంచి, వ్రేళ్ళను మెల్లగా ఎడం చేసి చూడండి. బొట్టు సాగుతుంది, నడుము సన్నబడుతుంది, ఒక క్షణంలో తటాలున రెండుగా తెగిపోతుంది.

ఈ సేతువు ఎంత పొడవు వరకు నిలుస్తుంది? ఎక్కడికి చేరితే తెగుతుంది? ఎందుకు తెగుతుంది? ఇవి పసిపిల్లల ప్రశ్నలుగా తోచవచ్చు. కాని వీటికి సరియైన సమాధానం పంతొమ్మిదవ శతాబ్దంలో గాని లభించలేదు. ఆ సమాధానాన్ని లోకానికి అందించినవాడు బెల్జియం దేశీయుడైన భౌతికశాస్త్రవేత్త జోసెఫ్ ప్లాటో. ఉర్దూ వాఙ్మయం అఫ్లాతూన్ అని పేర్కొనే గ్రీకు తత్త్వవేత్త ప్లేటో వేరు, ఈయన వేరు. ఈ ప్లాటో తన ద్రవసేతువుల నియమాన్ని నిర్ణయించిన సంవత్సరాలలో ఆయన రెండు కన్నులకూ చూపు లేదు. ఈ ఒక్క విషయమే ఆ మహనీయుని జీవితాన్ని మన విద్యార్థుల ముందుంచడానికి మమ్ము పురికొల్పింది. మేము సాహిత్యం బోధించే వారమే గాని విజ్ఞానశాస్త్రం బోధించే వారము కాము. అయినా మహనీయుల జీవితాలు ఏ ఒక్క శాఖకో చెందిన ఆస్తి కావు గదా!

జోసెఫ్ ప్లాటో 1801వ సంవత్సరం అక్టోబరు 14వ తేదీన బ్రస్సెల్స్ నగరంలో జన్మించాడు. ఆనాటికి ఆ నగరం ఫ్రాన్సు ఏలుబడిలో ఉండేది. బెల్జియం స్వతంత్ర రాజ్యంగా అవతరించినది 1830లో. తండ్రి ఆంట్వాన్ ప్లాటో పూలను చిత్రించడంలో పేరుపొందిన చిత్రకారుడు. కుమారుడు కూడా కుంచె పట్టవలెనని ఆయన కోరిక. అందుచేత బాలుణ్ణి చిత్రకళ నేర్పే విద్యాలయంలో చేర్పించాడు. కాని విధి మరొక దారి చూపింది. పద్నాలుగేండ్ల ప్రాయానికే జోసెఫ్ తల్లిదండ్రుల నిద్దరినీ కోల్పోయాడు. అతనినీ, అతని తోబుట్టువులైన ఆడపిల్లలనూ న్యాయవాది అయిన మేనమామ చేరదీశాడు.

బ్రస్సెల్స్ ఉన్నత పాఠశాలలో ఈ అనాథ బాలునికి లభించిన గురువు అడాల్ఫ్ కెట్లె. గణాంకశాస్త్రాన్ని సమాజ పరిశీలనకు అన్వయించి, తరువాతి కాలంలో ప్రపంచ ఖ్యాతి గడించిన విద్వాంసు డాయన. గణితం పట్ల శిష్యునిలోని అభిరుచిని కెట్లె గుర్తించాడు. జీవితాంతం వారి స్నేహం చెక్కుచెదరలేదు. మంచి గురువు చేతిలో పడిన విద్యార్థి సగం గట్టెక్కినట్లే అని మన పెద్దలు అనుకొనడంలో అతిశయోక్తి లేదు.

1822లో ప్లాటో లియేజ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. మేనమామ ఆశ న్యాయశాస్త్రం వైపు, మేనల్లుని మనస్సు విజ్ఞానశాస్త్రం వైపు. చివరకు మనస్సే గెలిచింది. కాని ఇంటి బరువు నెత్తిమీద ఉన్నది. 1827లో లియేజ్ నగరంలోనే ఉన్నత పాఠశాల గణితోపాధ్యాయునిగా చేరి, ఒకవైపు పాఠాలు చెప్పుకుంటూ, మరొకవైపు పరిశోధన సాగించాడు. 1829లో డాక్టరు పట్టం అందుకున్నాడు. ఆయన సమర్పించిన సిద్ధాంతగ్రంథం కేవలం 27 పుటలు. పుటల సంఖ్యను బట్టి వ్యాసాన్ని తూచే అలవాటు ఉన్న మన విద్యార్థులు ఈ సంగతిని గమనింతురు గాక.

ఆ 27 పుటలలో ఆయన పరిశీలించిన విషయం కంటిపై వెలుగు కలిగించే ముద్ర. ఒక వస్తువును చూసి కన్ను మూసినా దాని రూపం కొద్దిసేపు నిలిచి ఉంటుంది. ఆ ముద్ర ఎంతసేపు నిలుస్తుంది, ఏ రంగు ముద్ర ఎట్లా మారుతుంది అన్నవి ఆయన ప్రశ్నలు. బలమైన వెలుగును తేరిపార చూస్తే కన్ను నొచ్చుతుందనీ, దాని ముద్ర కొంతసేపు మిగిలిపోతుందనీ సుమారు 8 శతాబ్దాలకు పూర్వమే ఇబ్నుల్ హైతమ్ తన దృక్‌శాస్త్ర గ్రంథంలో గుర్తించాడు. ప్లాటో ఆ ముద్రను గడియారంతో కొలవ బూనుకున్నాడు. ఈ పరిశోధనల ఫలితంగా 1832లో ఆయన ఒక చక్రాన్ని నిర్మించాడు. చక్రం చుట్టూ ఒక నర్తకుని భంగిమలు వరుసగా చిత్రించి, నడుమ సన్నని చీలికలు ఉంచి, దానిని త్రిప్పుతూ చీలికల గుండా అద్దంలో చూస్తే బొమ్మ నిజంగా నాట్యమాడుతున్నట్లే కనిపిస్తుంది. దాదాపు ఆ సమయంలోనే వియన్నాలో సైమన్ స్టాంఫర్ కూడా స్వతంత్రంగా ఇటువంటి చక్రాన్నే తయారు చేశాడు. మనం నేడు చూసే చలనచిత్రానికి ఈ చక్రాలు పూర్వీకులు. పూలు చిత్రించిన తండ్రి కుమారుడు బొమ్మలకు కదలిక నేర్పాడన్న మాట.

కంటిని గురించిన ఈ ఆసక్తియే ఆయన చేత ఒక దుస్సాహసం చేయించింది. 1829లో ఒకనాడు ఆయన, ముద్ర ఎట్లా ఏర్పడునో తెలిసికొనుటకై, మధ్యాహ్న సూర్యుణ్ణి 20 సెకండ్లకు పైగా రెప్పవాల్చకుండా చూశాడు. ఫలితంగా కొన్ని రోజులపాటు చూపు పోయింది. తరువాత అది తిరిగి వచ్చింది. పదునాలుగేండ్ల తరువాత ఆయన పూర్తిగా అంధుడైనందున, ఆనాటి సూర్యదర్శనమే అందుకు కారణమని లోకం చెప్పుకుంది. ఎన్నో పుస్తకాలలో ఈ కథ అట్లాగే ఉన్నది. శాస్త్రం కోసం కళ్ళను బలి ఇచ్చాడన్న కథ వినడానికి ఎంతో రమ్యంగా ఉంటుంది. కాని ఆయన వ్యాధి లక్షణాలను తిరిగి పరిశీలించిన ఈ కాలపు నేత్రవైద్యులు, కంటి లోపలి పొరలకు దీర్ఘకాలం వాపు కలిగించిన వ్యాధియే అసలు కారణమని భావిస్తున్నారు. రమ్యమైన కథకన్నా నిజం మేలు. అయితే సూర్యుణ్ణి తేరిపార చూడడం ఎప్పుడూ ప్రమాదమే. గ్రహణకాలంలో అత్యుత్సాహం చూపే యువకులు ఈ హెచ్చరికను మరువరాదు.

1835లో ప్లాటో గెంట్ విశ్వవిద్యాలయంలో ప్రయోగాత్మక భౌతికశాస్త్ర ఆచార్యుడయ్యాడు. 1840లో వివాహం జరిగింది. 1841లో కుమారుడు ఫెలిక్స్ కలిగాడు. ఆ సంవత్సరంలోనే కన్నులు తీవ్రంగా జబ్బుపడ్డాయి. 1843 నాటికి చూపు పూర్తిగా పోయింది. అప్పటికి ఆయన వయస్సు సుమారు 42 సంవత్సరాలు. ఒడిలో రెండేండ్ల బిడ్డ, చేతిలో అప్పుడే మొదలైన ఒక గొప్ప పరిశోధన, ముందు అంతులేని చీకటి. ప్రయోగం అంటేనే చూడడం. చూడలేని ప్రయోగశాస్త్రజ్ఞుడు ఇక ఏమి చేయగలడు? ఆ స్థితిలో ఆయన పని విరమించి ఉంటే తప్పుపట్టే వారెవరూ ఉండేవారు కారు. కాని ఆయన విరమించలేదు. తన జీవితంలో అత్యుత్తమమైన కృషి అంతా ఆ తరువాతనే చేశాడు.

ఆ కృషి ఎటువంటిదో కొంత వివరంగా తెలిసికొనడం అవసరం. ప్రతి ద్రవానికీ ఉపరితలం ఒక బిగించిన పొరవలె ప్రవర్తిస్తుంది. ఆ బిగువును తలతన్యత అంటాము. తలతన్యత వల్ల ద్రవం తన ఉపరితలాన్ని వీలైనంత తగ్గించుకోవాలని చూస్తుంది. ఇంగ్లండులో థామస్ యంగ్, ఫ్రాన్సులో లాప్లాస్ పంతొమ్మిదవ శతాబ్ది తొలి సంవత్సరాలలోనే ఈ శక్తికి గణితరూపం ఇచ్చారు. కాని దాని ప్రభావాన్ని పెద్ద పరిమాణంలో కంటితో చూడడం దుర్లభం. ఎందువల్లనంటే భూమి ఆకర్షణ ద్రవాన్ని క్రిందికి లాగి, చదునుచేసి, ఆ సున్నితమైన రూపాలను పాడుచేస్తుంది. అందుకే మన వ్రేళ్ళ నడుమ నీటిసేతువు కొద్ది మిల్లీమీటర్లకు మించి సాగదు.

ప్లాటో భూమ్యాకర్షణను వంచించే ఉపాయం కనిపెట్టాడు. నూనె నీటిపై తేలుతుంది, ఆల్కహాలులో మునుగుతుంది. నీటినీ ఆల్కహాలునూ తగిన పాళ్ళలో కలిపితే నూనె సాంద్రతకు సరిసమానమైన సాంద్రత గల మిశ్రమం సిద్ధిస్తుంది. అటువంటి మిశ్రమంలో ఆలివ్ నూనెను ప్రవేశపెడితే అది తేలదు, మునుగదు. ఎక్కడ ఉంచితే అక్కడనే, చక్కని గోళంగా నిలిచిపోతుంది. బరువు లేని లోకం ఒక గాజుతొట్టిలో అమరిందన్న మాట. ఈ పరిశోధనలో మొదటి పత్రం 1843లో, అనగా ఆయన చూపు ఆరిపోయిన సంవత్సరంలోనే వెలువడింది. నూనెగోళాన్ని ఇరుసుపై త్రిప్పితే అది ధ్రువాల వద్ద చదునై, వేగం పెరిగిన కొద్దీ శనిగ్రహ వలయాన్ని తలపించే కంకణంగా మారడం అందులో వర్ణించబడింది. గ్రహాలను పాలించే శక్తి వేరు, నూనెను పాలించే శక్తి వేరు. అయినా ఆ దృశ్యం ఐరోపా విద్వాంసులను అబ్బురపరచింది.

తరువాతి ప్రయోగాలలో ద్రవసేతువు ప్రధానపాత్ర వహించింది. సమానమైన రెండు లోహపు బిళ్ళలను, లేక తీగతో చేసిన రెండు వలయాలను, ఆ మిశ్రమంలో ఒకదానిపైన ఒకటి ఉండేటట్లు అమర్చేవారు. వాటి నడుమ నూనెను చిన్న పిచికారీతో ప్రవేశపెట్టగా, అది రెండింటినీ అంటుకొని నిలిచేది. కొంత నూనె తీసివేస్తూ, కొంత చేరుస్తూ, సేతువును నిట్టనిలువు స్తంభంగా దిద్దేవారు. మన వ్రేళ్ళ నడుమ లిప్తకాలం నిలిచే సేతువు అక్కడ అంగుళాల పొడవున నిశ్చలంగా నిలిచింది. పని చెప్పినంత సులభం కాదు. వాతావరణం కొంచెం వేడెక్కితే మిశ్రమం సాంద్రత మారి నూనె పైకో క్రిందికో కదిలేది. గంటల తరబడి ఓర్పుతో పాళ్ళు సరిచూడవలసి వచ్చేది.

స్తంభం పొట్టిగా ఉన్నంతకాలం దానిని కొంచెం కదిపినా మరల సర్దుకొని నిలిచేది. బిళ్ళల నడుమ ఎడం పెంచుతూ పోగా, ఒక హద్దు దాటిన పిమ్మట స్తంభం తనంత తానే ఒకచోట సన్నబడి, మరొకచోట ఉబ్బి, చివరకు తెగిపోయేది. తెగే ముందు నడుమ సన్నని దారం వంటి భాగం ఏర్పడి, అది కూడా తెగి చిన్న గోళంగా మారేది. ఆ హద్దు ఎక్కడ? ఆరంభంలో ప్రయోగాలు చెప్పినది ఒక్కటే: స్తంభం పొడవు దాని వ్యాసానికి 3 రెట్లకూ 3.6 రెట్లకూ నడుమ ఎక్కడనో ఆ హద్దు ఉన్నది. మరొకరైతే అంతటితో తృప్తి చెందేవారేమో. ప్లాటో ఆ సందులో దాగిన ఖచ్చితమైన సంఖ్య కోసం ఏండ్ల తరబడి అన్వేషించి, ప్రయోగాన్నీ తర్కాన్నీ జోడించి, చివరకు సాధించాడు. స్తంభం పొడవు దాని చుట్టుకొలతకు సమానమైన చోట హద్దు ఉన్నది. అనగా వ్యాసానికి సుమారు 3.14 రెట్లు. రెండు సెంటీమీటర్ల వ్యాసం గల ద్రవస్తంభం, బరువు బాధ లేనిచోట, సుమారు 6.28 సెంటీమీటర్ల వరకు నిలుస్తుంది. అంతకు మించితే నిలువదు. నూనె అయినా, నీరైనా, పాదరసమైనా నియమం ఒక్కటే. ఇంత సరళమైన నియమం ఇంత చిక్కని ప్రశ్నకు సమాధానం కావడం మమ్ము ఆశ్చర్యచకితులను చేస్తుంది.

దీనికి కారణం కూడా మనకు అర్థం కానంత కఠినం కాదు. స్తంభం ఒకచోట కొంచెం సన్నబడినదనుకొందాము. అక్కడ అడ్డుకొలత వలయం చిన్నదవుతుంది. చిన్న వలయం బిగించిన పట్టీవలె లోపలి ద్రవాన్ని గట్టిగా పిండి, లావుగా ఉన్న చోటికి తోస్తుంది. అదే సమయంలో నిలువుగా చూస్తే అక్కడ లోపలికి వంగిన నడుము ఏర్పడుతుంది. ఆ వంపు ద్రవాన్ని తిరిగి తన వైపుకు లాగుకుంటుంది. స్తంభం పొట్టిదైతే నిలువు వంపు పదునుగా ఉండి గెలుస్తుంది, గాయం మానుతుంది. పొడవైనదైతే వంపు మందగించి, వలయం గెలుస్తుంది. సన్నని చోటు ఇంకా సన్నబడుతుంది, లావుపాటి చోటు ఇంకా లావవుతుంది. ఈ రెండు శక్తులూ సరితూగే చోటే చుట్టుకొలత హద్దు. ద్రవం పాలు ఎక్కువ తక్కువలై సేతువు ఉబ్బినా, నడుము కుంగినా, బిళ్ళలు అసమానమైనా హద్దు మారుతుంది. అయినా అటువంటి లెక్కలన్నింటికీ ప్లాటో నియమమే పునాదిరాయి.

కుళాయి నుండి జారే సన్నని ధార కొంతదూరం పోయి చుక్కలుగా విడిపోవడం మనం నిత్యం చూస్తాము. 1833లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సావార్ ఈ ధారలను శ్రద్ధగా పరిశీలించి కొలిచాడు గాని కారణం తేలలేదు. ధార కూడా ఒక పొడవైన ద్రవస్తంభమే గనుక అది నిలువజాలదని ప్లాటో విశదీకరించాడు. పిమ్మట ఇంగ్లండులో లార్డ్ రేలీ 1878-79 సంవత్సరాలలో ఈ విషయాన్ని ముందుకు తీసికొనిపోయి, వ్యాసానికి సుమారు నాలుగున్నర రెట్ల పొడవు గల కదలిక అన్నింటికన్నా వేగంగా పెరిగి ధారను తుంచుతుందని గణితంతో నిరూపించాడు. నేడు ఈ అస్థిరతకు ప్లాటో, రేలీ ఇరువురి పేర్లూ జంటగా వాడుకలో ఉన్నాయి.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాము. చూడలేని వాడు ఇన్ని సంగతులు ఎట్లా చూశాడు? ఆయన ఇతరుల కన్నులతో చూశాడు. ఏ పరికరం ఎట్లా ఉండవలెనో, ఏ ద్రవం ఎంత పోయవలెనో, ఏ క్షణంలో దేనిని గమనించవలెనో ఆయన మనస్సులో ముందుగానే నిర్ణయించుకొని చెప్పేవాడు. చేతులు వేరొకరివి. సహచరుడైన ఆచార్య డ్యూప్రే, గణితవేత్త లమార్ల్, పెరిగి పెద్దవాడైన కుమారుడు ఫెలిక్స్, శిష్యుడై అల్లుడుగా కూడా మారిన వాన్ డెర్ మెన్స్‌బ్రుగ్ ఆయనకు చేతులూ కళ్ళూ అయ్యారు. వారు చూసినది చెప్పేవారు. ఆయన విని, ప్రశ్నించి, మరల చేయించి, మనస్సులో రూపం కట్టుకొని, వ్రాయించేవాడు. ఈ పద్ధతికి ఉభయులలోనూ ఒక గుణం కావాలి. చూసేవారు తాము చూసినదే చెప్పవలెను గాని, గురువుకు నచ్చేది చెప్పరాదు. వినేవాడు తాను ఊహించినదానికి విరుద్ధమైనా విన్నది అంగీకరించవలెను. 3కూ 3.6కూ నడుమ అని నిజాయితీగా చెప్పిన ఆనాటి కొలత ఈ గుణానికి నిదర్శనం. అక్కడ ఎవరైనా గురువు మెప్పు కోసం ఒక సొగసైన సంఖ్య చెప్పి ఉంటే ఆ సౌధమంతా పొడి ఇసుక గూడువలె కూలి ఉండేది.

నూనె తరువాత ప్లాటో దృష్టి సబ్బుపొరల వైపు మళ్ళింది. దృష్టి అనే మాట ఇక్కడ అలవాటు చొప్పున వాడినాము, మన్నించండి. సబ్బునీటికి గ్లిజరిన్ చేర్చి, దీర్ఘకాలం చిట్లకుండా నిలిచే ద్రవాన్ని ఆయన సమకూర్చాడు. తీగలతో చేసిన ఘనాకారాలను, ఇతర చట్రాలను అందులో ముంచి తీస్తే సన్నని పొరలు అద్భుతమైన రీతిలో అమరేవి. ఎక్కడ చూసినా మూడు పొరలే ఒక అంచున కలిసేవి, వాటి నడుమ కోణాలు 120 డిగ్రీలు. నాలుగు అంచులే ఒక బిందువున కలిసేవి. నురుగు అంతటినీ పాలించే ఈ నియమాలకు సంపూర్ణమైన గణిత నిరూపణ 1976లో అమెరికా గణితవేత్త జీన్ టేలర్ చేతిలో గాని సిద్ధించలేదు. ఏదైనా ఒక మూసిన తీగవలయాన్ని ఇస్తే దానిని ఆనుకొని అత్యల్ప వైశాల్యం గల పొర ఉండి తీరునా అన్న ప్రశ్నకు గణితలోకం ప్లాటో సమస్య అని పేరు పెట్టింది. దానిని సాధించిన వారిలో ఒకడైన జెస్సీ డగ్లస్ 1936లో మొట్టమొదటి ఫీల్డ్స్ పతక గ్రహీతలలో ఒకడయ్యాడు.

సబ్బుపొర కూడా రెండు వలయాల నడుమ సేతువై నిలుస్తుంది. కాని అది లోపల బోలుగా, నడుము కుంగి ఉంటుంది. దాని హద్దు ద్రవస్తంభం హద్దు కన్నా చాలా తక్కువ. వలయాల నడుమ దూరం వ్యాసంలో సుమారు 0.66 వంతు దాటగానే అది కూలి, ఒక్కొక్క వలయంలో ఒక్కొక్క చదునైన పొరగా మిగిలిపోతుంది. లోపల నిండుగా ద్రవం ఉన్న సేతువు వ్యాసానికి మూడు రెట్లు నిలువగా, బోలు సేతువు మూడింట రెండు వంతులు మాత్రమే నిలిచింది.

ముప్పై ఏండ్ల ఈ తపస్సు ఫలితాన్ని ప్లాటో 1873లో రెండు సంపుటాల బృహద్గ్రంథంగా వెలువరించాడు. కేవలం అణుశక్తులకు లోబడిన ద్రవాల స్థితిని ప్రయోగ, సిద్ధాంత రీతుల రెండింటా వివరించిన గ్రంథమది. అందులోని ఒక్క చిత్రాన్ని కూడా గ్రంథకర్త చూడలేదు. అయినా అందులో ఇతరుల కృషికి ఇవ్వవలసిన గౌరవం ఎక్కడా లోపించలేదు. 1870లో లండను రాయల్ సొసైటీ ఆయనను విదేశీయ సభ్యునిగా ఎన్నుకొన్నది. బెల్జియం ప్రభుత్వం బిరుదులతో సత్కరించింది. ఆయన కన్నులు ఏ కంటివిద్యతో ప్రారంభించాయో ఆ విద్యను కూడా ఆయన మరువలేదు. వృద్ధాప్యంలో, దృష్టికి సంబంధించిన పూర్వుల రచనలన్నింటికీ వివరణాత్మకమైన పట్టికను సిద్ధం చేసి ప్రకటించాడు. 1883 సెప్టెంబరు 15న గెంట్ నగరంలో కన్నుమూశాడు. సుమారు 82 సంవత్సరాల ఆ జీవితంలో దాదాపు సగం, అనగా 40 సంవత్సరాలు, చీకటిలో గడచింది. కుమారుడు ఫెలిక్స్ జంతుశాస్త్రజ్ఞుడై, పూలు కీటకాలను ఏ విధంగా ఆకర్షిస్తాయో పరిశోధించి పేరు గడించాడు. తాత చిత్రించిన పూలు ఈ విధంగా మనుమని ప్రయోగశాలలో మరల వికసించాయి.

ప్లాటో నియమం గ్రంథాలకే పరిమితమై పోలేదు. విద్యుత్ పరికరాలకు కావలసిన మిక్కిలి శుద్ధమైన సిలికాన్‌ను తయారు చేసే ఒక పద్ధతిలో, నిలువుగా పట్టుకొనిన సిలికాన్ కడ్డీలో కొద్దిభాగాన్ని మాత్రమే కరిగిస్తారు. పైన ఘనం, క్రింద ఘనం, నడుమ కరిగిన సిలికాన్ సేతువు. ఏ పాత్రనూ తాకదు గనుక మాలిన్యం అంటదు. అది తెగకుండా నిలుపుటకు ప్లాటో లెక్కే ఆధారం. మన ఊపిరితిత్తుల అతిసన్నని గొట్టాలలోని తేమపొర ఉబ్బి దారిని మూసివేయడంలోనూ ఈ అస్థిరతయే పనిచేస్తుంది. ప్లాటో మరణించి నూరేండ్లు నిండిన కొద్ది వారాలకు, 1983 నవంబరు 28న, స్పేస్‌లాబ్ ప్రయోగశాల మొదటిసారి అంతరిక్షానికి ఎగిరింది. బరువు తెలియని ఆ చోట జరిగిన ప్రయోగాలలో ద్రవసేతువుల స్థిరత్వ పరీక్ష ఒకటి. గెంట్ నగరంలో ఒక అంధుడు ఆలివ్ నూనెతో, ఆల్కహాలుతో బల్లపై సృష్టించిన స్థితిని వెదుకుతూ మానవుడు ఆకాశానికి పోవలసి వచ్చింది.

ఇంతవరకు మాతో ఓపికగా నడచిన విద్యార్థులకు ఒక్క మాట చెప్పి ముగించుతాము. మన కళాశాలలలో చూపు లేని విద్యార్థి పరీక్ష వ్రాసేటప్పుడు, అతడు చెప్పిన సమాధానాన్ని పక్కన కూర్చుని వ్రాసే మరొక విద్యార్థిని మనం చూస్తుంటాము. చెప్పినదానికి ఒక్క అక్షరం చేర్చకుండా, ఒక్క అక్షరం తగ్గించకుండా వ్రాయడం అతని ధర్మం. అది చిన్న ఉపకారమని అతడు అనుకొనవచ్చు. కాని ప్లాటో ఇంట జరిగినది సరిగ్గా అదే. అటువంటి వ్రాతగాళ్ళే, అటువంటి చూపరులే లేకపోతే ద్రవసేతువు హద్దు మనకు తెలియడానికి మరెంత కాలం పట్టేదో! పాఠ్యపుస్తకాన్ని పైకి చదివి వినిపించేవారు, పాఠాన్ని ధ్వనిముద్రణ చేసి ఇచ్చేవారు, ప్రయోగశాలలో తాము చూసినదాన్ని ఉన్నదున్నట్లుగా చెప్పేవారు మనలో పెరగాలి. చూపు లేనివాడు శాస్త్రం చదువలేడని ఆ విద్యార్థికి తలుపు మూసే ముందు, ఆచార్యులమూ పాలకవర్గమూ కూడా గెంట్ నగరపు ఆ గాజుతొట్టిని ఒక్కసారి తలచుకొందుము గాక. మనిషికీ మనిషికీ నడుమ నిలిచే సేతువుకు కూడా హద్దు ఒకటి ఉన్నది. మరీ దూరం జరిగితే అది తెగుతుంది. దగ్గరగా నిలిచినంతకాలం ఎంత కుదిపినా సర్దుకొని నిలుస్తుంది.